యూదా చితిలో జిగురుమొక్క

గరిఫలియా అమ్మమ్మ ఆలివ్ తోటకి బయల్దేరేటప్పుడు బుట్ట మర్చిపోయేది, నీళ్ళ సీసా మర్చిపోయేది. ఒకసారి గాడిదనే మర్చిపోయి, సగం దూరం నడిచాక గాడిద ఏదని దారిన పోయేవాళ్ళని నిలదీసింది. చీపురు మాత్రం ఏనాడూ మర్చిపోలేదు.

క్రీటు దీవి మొత్తం మీద తోట ఊడ్చే మనిషి ఆవిడ ఒక్కతే అని కింది వాడ వాళ్ళు నవ్వుకునేవారు, ఆవిడకి వినపడనంత దూరంలో. ఉన్నవి నూట ఎనభై చెట్లు. ప్రతి చెట్టు కిందా ఊడుపే. తోట చుట్టూ ఉన్న రాతిగోడ సందుల్లో గడ్డిపోచ తల ఎత్తితే, జడలోంచి పిన్ను తీసి పెళ్ళగించేది. గట్టు మీద ముళ్ళపొద ఉండకూడదు, పుట్ట ఉండకూడదు, తొండ ఉండకూడదు. "నేల మీద నూనె ఒలికితే రొట్టె అద్దుకుని తినేలా ఉండాలి" అనేది. ఎవరూ అద్దుకుని తినలేదనుకోండి, అది వేరే సంగతి.

ఈ పిచ్చి ఆవిడ పుట్టింటి నుంచి తెచ్చుకున్నది కాదు. పంతొమ్మిదో ఏట కోడలై వచ్చిన వారానికే అత్తగారు చెయ్యి పట్టుకుని గట్టు మీదికి తీసుకెళ్ళి, నడుం ఎత్తు పెరిగి ఎండిపోయిన ఒక మొక్కని చూపించింది. దాన్ని అందరూ జిగురుమొక్క అంటారు. ఆకు ముట్టుకుంటే వేళ్ళు అతుక్కుంటాయి. ఆ కంపు రెండుసార్లు సబ్బు పెట్టి కడిగినా పోదు. మేకలు కూడా దూరంగా జరిగి నడుస్తాయి. చలి మొదలయ్యే ముందు పసుపుపచ్చ పూలు పూసి ఎండిపోతుంది. అత్తగారు ఎండిన పూల గుత్తిలోంచి బఠాణీ గింజంత గట్టి ముడి ఒకటి తెంపి గోటితో చీల్చింది. లోపల తెల్లటి పురుగు.

"ఎక్కడో చూసినట్టు లేదూ?" అంది అత్తగారు.

ఎందుకు చూడదు! పుచ్చిన ఆలివ్ కాయ కోస్తే కనిపించేదీ అలాంటి తెల్ల పురుగే. కాయ ఈగ పిల్ల.

"చలికాలమంతా ఇదిగో, ఇక్కడ పడుకుంటుంది దొంగముండ. ఎండలు ముదరగానే లేచి మన కాయల మీద పడుతుంది. పీకి కాల్చెయ్యడమే."

కళ్ళున్న వాళ్ళెవరికైనా సబబుగానే తోచే మాట. ఆ రోజు నుంచి అమ్మమ్మ ఏటా ఈస్టరు ముందు గట్లన్నీ తిరిగి జిగురుమొక్కల్ని వేళ్ళతో సహా పీకి, మోపులు కట్టి, చర్చి ఆవరణలో పేర్చే యూదా చితికి మోయించేది. ప్రభువుని ముప్పై నాణేలకి అమ్మిన ఇస్కరియోతు యూదాని గడ్డిబొమ్మ చేసి, పాత ప్యాంటు తొడిగి, కట్టెల కొండ మీద కూర్చోబెట్టి కాలుస్తారు కదా, ఆ కొండలోకి. "ద్రోహితో పాటు ద్రోహి పోవాలి" అనేది. తన గట్టు శుభ్రమయ్యాక పక్కవాళ్ళ గట్లు. వద్దన్నవాళ్ళకి ఉపన్యాసం. ఉపన్యాసం కన్నా మోపు మొయ్యడమే తేలికని ఊరు ఊరంతా మోసేది. అలా నలభై నాలుగు ఈస్టర్లు.

ఆవిడ మాట వినని మొండిఘటం ఒక్కడే, పక్క తోట మార్కులిస్. గోడవతల తన గట్టుని వాడు పుట్టి బుద్ధెరిగాక ముట్టుకోలేదు. జిగురుమొక్కలు, ముళ్ళపొదలు, అడవి తులసి, ఆ పైన తేనెటీగలు. తెలిసి చేశాడని ఎవరూ అనుకోరు. వాడికి వంగడమంటే బద్ధకం.

ఆరేళ్ళ కిందట అమ్మమ్మ మందు కొట్టించడం మానేసింది. పిచికారీ అయిన సాయంత్రం పెరట్లో పిచ్చుకలు ఒకదాని పక్కన ఒకటి రాలి ఉండటం చూసింది. వాటిని చేట్లోకి ఎత్తి పాతిపెట్టి వచ్చి, ఇకమీదట తన తోటలో విషం చుక్క పడటానికి వీల్లేదంది. నాలుగేళ్ళు బాగానే గడిచాయి. ఆ తర్వాత రెండేళ్ళు కాయ ఈగ కసిగా కుట్టింది. పోయిన నవంబరులో నూరు కాయలు కోసి చూస్తే నలభై ఒకటి పుచ్చు. ఆ నూనె పళ్ళెంలోకి పనికిరాక సబ్బుల వాళ్ళకి పోయింది. గానుగ దగ్గర జనం ముందు ఆ మాట విని తలొంచుకుని నిలబడిన మనిషిని చూసి, మరిది సిఫిస్ ఆగలేకపోయాడు.

"వదినా, అన్నయ్య నాటిన చెట్లు నాకూ చెట్లే. ఇంకొక్క ఏడాది చూస్తాను. వచ్చే నవంబరులో నూటికి పాతిక దాటి పుచ్చితే, ఆపై వేసవికి నా మందు పంపు నీ తోటలోకి వస్తుంది. మాటివ్వు."

"పాతిక దాటితే రానియ్యి. దాటకపోతే ఆ పంపు కోళ్ళగంపలో వేసుకో" అంది అమ్మమ్మ. మాట ఇచ్చేసింది. ఇచ్చాక మాత్రం వారం రోజులు సరిగా నిద్ర పట్టలేదని పొరుగావిడతో చెప్పుకుంది.

ఫిబ్రవరిలో కాఫీ కొట్టు ముందు నుంచి పోతుంటే మార్కులిస్ కుర్చీలోంచే పిలిచాడు. వాడు ఏ పనైనా కుర్చీలోంచే చేస్తాడు.

"గరిఫలియమ్మా! నా గోడ పక్కనున్న నీ రెండు వరసల చెట్లూ పెద్దగా పుచ్చలేదట కదా. నా కంపు తగిలే అంటావా?"

"గాలివాటం! నీ కంపే తగిలితే చెట్లు ఎప్పుడో చచ్చేవి."

"మరి నా మొక్కల్లో ఈగ పడుకుంటుందని ఊరంతా దండోరా వేస్తావు. ఎప్పుడైనా లేవడం చూశావా?"

అమ్మమ్మ నేరుగా ఇంటికెళ్ళి, తను పీకిన మొక్కల నుంచి నలభై ముడులు ఏరి గాజు సీసాలో వేసింది. మూతికి జున్ను వడగట్టే గుడ్డ కట్టింది. మరియమ్మ పటం ముందు దీపం పక్కన పెట్టింది, దేవుడి ఎదుట అబద్ధం ఆడలేదని రుజువు ఉండాలి కదా. ఈస్టరుకి ఊరంతా పోగవుతుంది. ఈగలు బయటికి వచ్చిన సీసా తెచ్చి మార్కులిస్ ముక్కు కింద పెట్టాలని పథకం.

ఈస్టరు ముందురోజు, పవిత్ర శనివారం పొద్దున పండక్కి జున్ను కజ్జికాయలు వత్తుతూ పటం వైపు చూసింది. సీసాలో ఏదో కదులుతోంది. పిండి చేతులు కడుక్కోకుండానే సీసా చంకన పెట్టుకుని, చెప్పులు ఒకదాని జత ఒకటి కాకపోయినా పట్టించుకోకుండా బజార్లోకి పరిగెత్తింది.

"రండర్రా! వచ్చాయి! మార్కులీ, లే! ఈ ఒక్కరోజన్నా లే!"

మార్కులిస్ లేచాడు. అంతటి రోజన్నమాట. పదిమంది చుట్టూ మూగారు. అమ్మమ్మ సీసా ఎత్తి వెలుతురుకి పట్టింది. ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉండిపోయింది.

లోపల ఒక్క కాయ ఈగ కూడా లేదు. గాజు గోడ మీద చీమంతలేసి పురుగులు పాకుతున్నాయి. పచ్చగా, రాగి కలిపినట్టు, మెరుస్తున్నాయి. నడుం సన్నగా ఉంది.

"ఇవేంటివి?" అంది అమ్మమ్మ, సీసానే అడుగుతున్నట్టు.

ఎవరికీ తెలీదు. అంతలో ఎర్సీ అటుగా వచ్చింది. ఆమె గానుగ యజమాని కూతురు, పురుగుల చదువు చదివి వచ్చి సహకార సంఘంలో తోటలు చూస్తుంది. గొర్రెపిల్ల మాంసం సంచి కింద పెట్టి, మెడలో వేలాడే భూతద్దం కంటికి పెట్టుకుంది. చూస్తూ చూస్తూ నోరు తెరిచింది.

"అమ్మమ్మా, ఇవి నీకెక్కడివి?"

"ఆ కంపు మొక్కవే. కాయ ఈగలే కదూ? చిన్నప్పుడు ఇలా ఉంటాయి కదూ?"

"ఈగలు కావు. కందిరీగల జాతి. ఈ ముడిలో పురుగు ఉంటుందే, అది వేరే ఈగ పిల్ల. ఆ మొక్కని తప్ప ఇంకేదీ తినదు. ఆలివ్ కాయ నోటి దగ్గర పెట్టినా మొహం తిప్పుకుంటుంది. చలికాలంలో ఈ కందిరీగ ఆ పురుగు మీద గుడ్డు పెట్టి బతుకుతుంది. వేసవి రాగానే మన చెట్ల మీదికొస్తుంది."

"వచ్చి?"

"కాయలో దాక్కున్న ఈగ పిల్లని వెతికి పట్టుకుని, దాని మీద గుడ్డు పెడుతుంది. గుడ్డులోంచి వచ్చింది ఈగ పిల్లని తినేస్తుంది. అమ్మమ్మా, ఇవి నీ కాపలాదార్లు."

కొట్టులో కాఫీ పొంగి పొయ్యి మీద పడ్డా ఎవరూ కదల్లేదు. అమ్మమ్మ వెనక్కి నడిచి కాఫీ కొట్టు మెట్టు మీద కూలబడింది. ఆ మెట్టు మీద ఆవిడ కూర్చోవడం ఆ ఊళ్ళో అప్పటిదాకా ఎవరూ చూడలేదు. అది పనిలేని మగాళ్ళు కూర్చునే చోటని ఆవిడే అంటుండేది.

"నలభై నాలుగు ఈస్టర్లు" అంది. "మరియమ్మ తల్లీ! కంచెని నేనే పీకి, నేనే మోపు కట్టి, నేనే మంటలో వేశాను. నలభై నాలుగు..."

"మిగతా ముడులు ఎక్కడున్నాయి అమ్మమ్మా?" అంది ఎర్సీ. "ఇంకా అన్నీ బయటికి రాలేదు. ఈ నెలంతా వస్తూనే ఉంటాయి."

పదిమంది తలలూ ఒక్కసారి చర్చి వైపు తిరిగాయి.

చర్చి ఆవరణలో కట్టెల కొండ గంట స్తంభంతో పోటీ పడుతోంది. పైన యూదా, ఈ ఏడు ఎవరిదో గళ్ళ ప్యాంటుతో, కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. ఆ కట్టెల మధ్య అమ్మమ్మ కట్టిన ముప్పై రెండు మోపులు ఉన్నాయి. ఆవిడ గట్టు మీద ఇంక ఒక్క మొక్క లేదు. ఊళ్ళో ఏ గట్టు మీదా లేదు, మార్కులిస్ గట్టు మీద తప్ప. రాత్రి మంట పెడితే ఈ వేసవికి కాపలా లేదు. కాపలా లేకపోతే నవంబరులో లెక్క పాతిక దాటుతుంది, సిఫిస్ పంపు వస్తుంది.

అమ్మమ్మ లేచి చీర కొంగు లేని లోటుకి తలగుడ్డ బిగించి నడిచింది.

చితి బాధ్యత రొట్టెల కొట్టు వార్దిస్‌ది. ఆ ఏడు కొత్తగా పెళ్ళైన మగాడే చితికి పెద్ద, అది అక్కడి రివాజు. పోటీగా చితి పేర్చే పై వాడ వాళ్ళు వచ్చి కట్టెలు ఎత్తుకుపోకుండా మూడు రోజులుగా కర్ర పట్టుకుని కాస్తున్నాడు. అమ్మమ్మ వచ్చి ఒక మోపు పట్టుకుని లాగింది. కొండ ఊగింది. యూదా ముందుకి వంగి దణ్ణం పెట్టినట్టయ్యాడు.

"గరిఫలియత్తా! ఏం చేస్తున్నావ్?" వార్దిస్ కర్ర కింద పడిపోయింది.

"నావి నేను తీసుకుంటున్నాను."

"చితి మీద పెట్టింది వెనక్కి తియ్యకూడదు! యూదా వాటా అది. తీసినవాళ్ళ ఇంట్లో ఏడాదంతా అరిష్టమని మాకు చెప్పిందే నువ్వు!"

"చెప్పాను. అది కూడా తప్పే అయ్యుంటుంది."

"పై వాడ వాళ్ళ చితి మన దానికన్నా జానెడే తక్కువ. ముప్పై రెండు మోపులు తీస్తే మన పరువేం కావాలి? ఫాదర్! ఫాదర్! త్వరగా రండి, అత్తకి ఏదో అయింది!"

పాదిరి స్టెలియానుగారు సగం గడ్డం దువ్వుకుని బయటికొచ్చారు. ఎర్సీ చెప్పబోతే ఆయన చెయ్యి అడ్డం పెట్టారు.

"గరిఫలియా, ఈ కంపు మొయ్యలేదని పోయినేడు నన్నే గుమ్మంలో నిలబెట్టి కడిగేశావు. ఇప్పుడు తియ్యాలంటే ఎందుకో నీ నోటితోనే చెప్పాలి. అందరూ వినేలా."

ఆవరణంతా జనం. ఈ ఊళ్ళో ఆవిడ మీద గెలిచినవాళ్ళు లేరు. పాదిరిగారితో ఉపవాసాల గురించి, డాక్టరుతో ఉప్పు గురించి, గాడిదతో దారి గురించి వాదించి గెలిచిన మనిషి. జనం వంక చూసింది. అందులో మార్కులిస్ వంక చూసింది. వాడు నవ్వడం లేదు. నవ్వి ఉంటే ఆవిడకి తేలికయ్యేదేమో.

"తప్పు నాదే" అంది.

ఎవరో గుడ్ల బుట్ట జారవిడిచారు. పండక్కి ఎర్రరంగు వేసిన గుడ్లు మెట్ల మీంచి దొర్లుకుంటూ పోయాయి. ఎవరూ వంగి ఏరలేదు.

"అత్తగారు చెప్పింది నమ్మాను. సరే, అప్పుడు నాకు పంతొమ్మిది. తర్వాత అరవై దాటేదాకా ఒక్కసారి కూడా సీసాలో పెట్టి చూడలేదే, అది నాది. మీ చేత మోయించాను. మార్కులిస్‌ని సోమరి అన్నాను."

"అది నిజమే కదా" అన్నాడు మార్కులిస్.

"నిజమే. కానీ వాడి బద్ధకం చేసిన మేలు నా కష్టం చెయ్యలేదు. ఇప్పుడు తీయనిస్తారా, నన్ను కూడా పైన యూదా పక్కన కూర్చోబెడతారా?"

వార్దిస్ నోరు వెళ్ళబెట్టి నిలబడ్డాడు. గరిఫలియత్త తప్పు ఒప్పుకుంది! ఇది తన భార్యకి చెప్పినా నమ్మదు. అందరికన్నా ముందు కదిలింది మార్కులిస్. వెళ్ళి ఒక మోపు పట్టుకుని లాగి, భుజాన వేసుకున్నాడు. మార్కులిస్ బరువు మోస్తుంటే చూస్తూ ఊరుకోవడం ఎవరి వల్లా కాలేదు. అందరూ చితి మీద పడ్డారు.

సాయంత్రం ప్రార్థన గంట కొట్టేసరికి పంతొమ్మిది మోపులు బయటికొచ్చాయి. అడుగున దూలాల కింద ఇరుక్కున్న పదమూడూ రాలేదు. వాటిని తియ్యాలంటే కొండంతా విప్పాలి. అమ్మమ్మ ఆ సందులోకి చెయ్యి పెట్టి, అందినన్ని పూలగుత్తులు తెంపి గౌను ఒళ్ళో పోసుకుంది. మోచెయ్యి దాకా చీరుకుపోయింది. తగ్గిన ఎత్తుకి పాదిరిగారు విరిగిన చర్చి కుర్చీలు ఇచ్చారు. అయినా కింది వాడ చితి రెండు మూరలు పొట్టిగానే మిగిలింది. పై వాడ వాళ్ళు అటుగా వచ్చి, మీ యూదా కూర్చున్నాడా పడుకున్నాడా అని అడిగి వెళ్ళారు.

మోపులు తోటకి తీసుకెళ్ళి రాతిగోడ పొడుగునా నిలబెట్టారు. గాలివానకి పడిపోకుండా అమ్మమ్మ ఒక్కొక్కటీ తాడుతో కట్టింది. ఆ తర్వాత ఎర్సీ ఒక చిన్న కోరిక కోరింది.

"ఈ వేసవి గట్టు ముట్టుకోకు అమ్మమ్మా. గోడ సందులు కూడా."

"ఊడవొద్దా?"

"ఊడవొద్దు."

"అంచులు కూడా?"

"అమ్మమ్మా!"

ఆ నాలుగు నెలలూ ఆవిడ పడ్డ బాధ ఉపవాసాల్లో కూడా పడలేదు. చీపురు మేకుకి తగిలించి, దాని వైపు వీపు పెట్టి కూర్చునేది. గట్టు మాత్రం పట్టు విడిచినట్టు పెరిగింది. రోజుకో అఘాయిత్యం. మొదట గోడ సందులో పిట్ట గూడు, అరచేతిలో పట్టేంత పిట్ట, ఊరంతా వినపడే గొంతు. ఆ తర్వాత ముళ్ళపంది, వెనకాల వరసగా నాలుగు పిల్లలు. "నా తోటలో! అడక్కుండా!" అని గుండె మీద చెయ్యి వేసుకుంది. తొండలు తిరిగొచ్చాయి. గొల్లభామలు గాలిలోకి లేస్తే దారి కనిపించేది కాదు. జులైలో కొత్త జిగురుమొక్కలు మోకాలెత్తు లేచాయి. మార్కులిస్ గోడ మీంచి ఎగిరొచ్చిన విత్తనాలే అయ్యుంటాయి. వాటి పక్కన నడిచినప్పుడల్లా ఆవిడ చేతులు వెనక్కి కట్టుకునేది, చేతుల మీద నమ్మకం లేక.

"వదినా, తోటకి గడ్డం పెరిగింది. గొరిగించనా?" అనేవాడు సిఫిస్, వచ్చినప్పుడల్లా.

"నీ బట్టతలకి అసూయ" అనేది అమ్మమ్మ. నవ్వేది కాదు. తోటలోకెళ్ళి కాయలు తిప్పి తిప్పి చూసుకునేది. కొన్నిటి మీద ఈగ కుట్టిన చుక్క కనపడేది. ఇంటికొచ్చి రెండు ముద్దలు తిని లేచిపోయేది.

నవంబరు మొదటి శనివారం లెక్క. కాయలు తనే కోస్తానన్నాడు సిఫిస్, మోసం జరక్కుండా. ప్రతి వరసలోంచీ కోసి, నూరు కాయలు రాతిగోడ మీద పరిచాడు. చాకు ఎర్సీది. ఒక్కొక్క కాయా చీలుస్తుంటే పుచ్చు ఒక వైపు, మంచిది ఒక వైపు. అమ్మమ్మ చూడలేక చెట్టుకి మొహం పెట్టుకుని నిలబడి, చెవులు మాత్రం ఇటు పెట్టింది.

"పద్దెనిమిది... పంతొమ్మిది" అంటున్నాడు సిఫిస్. ఇంకా పదిహేను కాయలున్నాయి. "ఇరవై రెండు. ఇరవై మూడు." తర్వాత ఏడు వరసగా మంచివి. "ఇరవై నాలుగు." ఇంకో మంచిది. "ఇరవై ఐదు, వదినా."

ఒక్క కాయ మిగిలింది. దాని తొక్క మీద చుక్క ఉంది. చీల్చక్కర్లేకుండానే తెలుస్తోంది, ఈగ కుట్టినదే. సిఫిస్ దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. గెలిచినవాడి మొహం పెట్టుకోలేదు. ఎంతయినా అన్నయ్య చెట్లు.

"ఇరవై ఆరు, వదినా" అన్నాడు మెల్లిగా.

"కొయ్యి" అంది అమ్మమ్మ, వెనక్కి తిరక్కుండానే. "మాట మాటే. కొయ్యి."

ఎర్సీ చీల్చింది. లోపల పుచ్చు దారి ఉంది. దారి సగంలోనే ఆగిపోయింది. అక్కడ ఈగ పిల్ల ముడుచుకుని, రంగు మారి, తొక్కలా మిగిలి ఉంది. దాని వీపుకి నోరు అంటించి ఇంకో పురుగు ఉంది, నువ్వుగింజ కన్నా చిన్నది. అది పీలుస్తోంది. ఎర్సీ భూతద్దం సిఫిస్ చేతికిచ్చింది.

సిఫిస్ అద్దం కంటికి పెట్టుకున్నాడు. ముప్పై ఏళ్ళు వీపు మీద పంపు మోసిన మనిషి. అద్దం తీసి, కళ్ళు తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నాడు.

"తింటోంది" అన్నాడు. "వదినా, ఇటు రా. ఇది ఈగ పిల్లని తింటోంది!"

అమ్మమ్మ వచ్చి వంగింది. ఎంతసేపు చూసిందో లెక్కలేదు. ఊపిరి తగిలి ఆ పురుగు ఎక్కడ ఎగిరిపోతుందోనని నోటికి తలగుడ్డ అడ్డం పెట్టుకుంది.

"ఇది ఎవరి లెక్కలో వేస్తావు మరిదీ?" అంది గుడ్డ వెనకాల నుంచి. "పుచ్చినదే. నేను కాదనను."

సిఫిస్ ఆ కాయని పుచ్చు వైపు పెట్టలేదు. ఎండ నేరుగా ఆ కాయ మీద పడుతోంది. తన టోపీ తీసి నీడ పట్టాడు. తర్వాత రెండు చెక్కలనీ మళ్ళీ ఒకటిగా చేర్చి, గోడ పక్కన వంగి, జిగురుమొక్క మొదట్లో ఆకులు పక్కకి జరిపి మెత్తటి చోట పెట్టాడు. లేచాక వేళ్ళు ఒకదానికొకటి అతుక్కుపోయాయి. వాసన చూసుకుని మొహం చిట్లించాడు.

"ఎంత కడిగినా పోదు" అంది అమ్మమ్మ.